ఈల ఆగిన పూట

రోజూ మధ్యాహ్నం ఈల వేళకి ఎదురింటి పెద్దావిడ లాండ్రీ గేటు దగ్గర నిలబడేది.

ఈల అంటే బాయిలర్ మీది సేఫ్టీ వాల్వుది. భోజనాలకి ఆవిరితో నడిచే ఇస్త్రీలన్నీ ఆగగానే లోపల ఆవిరి హద్దు మీరేది. వాల్వు మూత దానంతటదే లేచేది. ఎక్కువైన ఆవిరి కూతపెట్టి బయటికి పోగానే మళ్లీ మూసుకునేది.

కూత వినగానే పెద్దావిడ గిరుక్కున తిరిగి వెళ్లిపోయేది.

"మోత భరించలేకపోతోంది. ఏదో రోజు పోలీసుల్ని వెంటపెట్టుకొస్తుంది," అన్నాడు యజమాని. లాండ్రీ కొని ఏడాదే అయింది. ఇరుగుపొరుగుతో తగాదా అంటే అతనికి హడల్.

బాయిలర్ మనిషి పాత ఇస్త్రీపెట్టె ఒకటి తెచ్చి వాల్వు కడ్డీకి వేలాడదీశాడు. ఆ బరువుకి మూత లేవలేదు. ఈల నోరు మూసుకుంది.

ఒక్కటి మరిచాడు మహానుభావుడు. ఒత్తిడి చూపే ముల్లు వైపు చూసే అలవాటు తనకి ఎప్పుడో పోయింది. ఈల విని మంట తగ్గించడమే తెలుసు.

ఆ మధ్యాహ్నం పెద్దావిడ గేటు దాటి లోపలికే వచ్చేసింది.

"బాబూ, ఈల ఏదీ?"

"మీ కోసమే ఆపించాం పిన్నిగారూ! ఇక హాయిగా నిద్రపోండి," అన్నాడు యజమాని.

ఆవిడ బాయిలర్ వైపు వేలు చూపించింది.

"నా నిద్ర తగలెయ్య! ముందా మంట ఆపించు!"

ఆ కేకకి బాయిలర్ మనిషి తలెత్తాడు. ముల్లు ఎర్రగీత దాటి వణుకుతోంది.

మంట ఆర్పేశాడు. అందరినీ బయటికి తరిమాడు. పొడుగాటి కొక్కెంతో ఇస్త్రీపెట్టెని లాగి పడేశాడు.

వీధి దద్దరిల్లేలా ఈల మోగింది.

ముల్లు మెల్లగా దిగింది. ఇస్త్రీ అమ్మాయిలు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూనే నవ్వారు. యజమాని బట్టల మూట మీద కూలబడ్డాడు.

"బతికాంరా దేవుడా!"

పెద్దావిడ ఈల చివరిదాకా విని, వెళ్లిపోయింది.

మర్నాడు దండం పెట్టుకుందామని యజమాని ఎదురింటికి వెళ్లాడు. తాళం వేసి ఉంది.

"నిన్ననే ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు," అంది పక్కింటావిడ. "సామాను బండి వాకిట్లో పెట్టుకుని, ఈల వింటేగానీ కదలనన్నారు."

"అంత చిరాకా ఆవిడకి?"

"చిరాకేంటండీ! అది వినబడితేగానీ మెతుకు ముట్టేవారు కాదు."

లాండ్రీలో అప్పుడే ఈల కూసింది. యజమాని గుండె కుదుటపడింది.

పక్కింటావిడ కూడా ఆ కూత ఆగేదాకా విని, గొంతు తగ్గించి అంది: "మీకన్నా చాలా ముందు ఆవిడ భర్తే అక్కడ బాయిలర్ మనిషి. అది పేలి చనిపోయాడు... చంటిపిల్ల నిద్ర చెడుతోందని ఆవిడ విసుక్కుంటే, ఈల కట్టేశాడు పాపం."