నవ్వితేనే తెరుచుకునే తలుపు

ఆ ఉదయం వీరభద్రంగారి ఇంటిని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్తదైంది. గోడకున్న తెర మీది మీటలన్నీ మాయమయ్యాయి. ఇకపై ఎవరైనా నవ్వితేనే వీధి తలుపు తెరుచుకుంటుంది.

"ఎంత ముచ్చటగా ఉందో!" అన్నారాయన.

"పాతదే నయం," అంది భార్య కాంతమణి.

మధ్యాహ్నం, పురిటికి వచ్చిన కూతురు హైమకు నొప్పులు మొదలయ్యాయి. వాకిట్లో కారు సిద్ధంగా ఉంది. కంగారులో ఎవరికీ నవ్వు రాలేదు, తలుపు కదల్లేదు.

"ముచ్చటగా ఉందన్నారుగా, నవ్వండి మరి!" అని కాంతమణి కసిరింది.

ఆయన పళ్లన్నీ బయటపెట్టి ఇకిలించారు. తలుపు దాన్ని నవ్వుగా ఒప్పుకోలేదు. ఆ మొహం చూసి, అంత నొప్పిలోనూ హైమ పకపకా నవ్వేసింది. తలుపు తెరుచుకుంది.

పాపతో ఆసుపత్రి నుంచి వచ్చాక, వీరభద్రంగారు తలుపుకి చేత్తో తీసే గడియ బిగించసాగారు.

"కొత్తది తీసేస్తున్నారా?" అంది కాంతమణి.

"ఛ! అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది. మనిద్దరం ఒకే ఇంట్లో ఉండట్లేదుటే?"