బురద చార

గల్ఫులో, సబా అల్ సలేంలో, తను పనిచేసే ఇంట్లో ‘మామా’ అని పిలిచే యజమానురాలు నిద్రపోయింది. వంటింట్లో గంగారత్నం ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అక్కడ కోనసీమలో తుఫాను.

తొంభై ఆరు ఉప్పెన తగ్గాక ఊళ్లో గోడల మీది బురద చారలకు సున్నం వేసింది తనే. అందుకే నీళ్లు ఏ ఇంట్లో ఎంత ఎత్తు లేచాయో ఆవిడ ఒక్కదానికే గుర్తు. ఆ లెక్కతోనే మేనకోడలు దేవిక ముంపు మ్యాపు గీసింది. ఆ ఉప్పెనలోనే గంగారత్నం చెల్లెలు అరుణజ్యోతి తన చేతిలోంచి జారిపోయింది. తలుపును గాజులతో కొట్టడం దానికి అలవాటు.

ఫోను మోగింది.

“అత్తా! గెలిచాం! నువ్వు చెప్పిన గీత దగ్గరే నీళ్లు ఆగిపోయాయి. గీత లోపల ఒక్కరూ లేరు, అందరూ స్కూలు మేడ మీదున్నారు.”

“ఇల్లు వదిలి రానన్న ఆ మొండి దొరబాబు?”

“ఆయనా వచ్చేశాడు. ఎవరో పిల్ల గాజులతో తలుపు కొట్టి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిందంట. చెయ్యి ఐసుముక్కలా ఉందంట.”

“ఎవరే ఆ పిల్ల?”

“అదే వెతుకుతున్నాం అత్తా. ఇక్కడ లేదు.”

గంగారత్నం కళ్లు తుడుచుకుని, చాన్నాళ్లకు గట్టిగా నవ్వింది.

వంటింటి తలుపు మీద, బయటినుంచి, గాజుల చప్పుడు.

ఆవిడ నవ్వుతూనే గడియ తీయడానికి లేచింది.