వంద అడుగులకో లెక్క

"ఒకటి," అన్నాడు అందరికంటే ముందు నడుస్తున్న లెక్కల మాస్టారు.

"రెండు," అన్నాడు ఆయన బావమరిది.

"మూడు," అంది బావమరిది భార్య, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే.

"నాలుగు," అంది చివర్న ఉన్న మాస్టారి భార్య.

"ఐదు," అంది ఇంకో గొంతు, ఆమె వెనక పొగమంచులోంచి.

నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కొత్త సంవత్సరం మొదటి రోజు కదా, కొండెక్కి సరదాగా గడుపుదామని పొద్దున్నే బయలుదేరినవాళ్ళు. ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగింటికి కింద గేటు మూసేస్తారు. ఆ వెంటనే మంచు కురవడం మొదలవుతుందని, అప్పుడు కొండ మీద ఉన్నవాళ్ళు ఉన్నట్టే గడ్డకట్టుకుపోతారని చెప్పే పంపారు.

"ప్రతిధ్వనిలే అక్కా," అన్నాడు బావమరిది, ఆమె తమ్ముడు.

"నేను నాలుగంటే ప్రతిధ్వని ఐదంటుందట్రా?"



ఈ లెక్క గేటు దగ్గర కాపలా ఉండే తాత పెట్టిన షరతు. పొద్దున ఒక్కొక్కరి మెడలో ఒక ఇత్తడి బిళ్ళ వేస్తూ మరీ చెప్పాడు. పొగమంచు దిగితే వంద అడుగులకోసారి లెక్క చెప్పుకోవాలి. మధ్యలో మానకూడదు. అంకె తప్ప ఇంకో మాట గట్టిగా అనకూడదు, అంటే పైనున్న మంచు పెళ్ళలు విరిగి మీద పడతాయి. "మానేస్తే ఏమవుతుంది తాతా?" అని తమ్ముడు వెటకారంగా అడిగితే, "ఏమైందో మానేసినవాళ్ళకి తెలీదు బాబూ," అన్నాడు. కొండ కొసన ఫోటోల గోలలో పడి, పొగమంచు దిగాక కూడా వీళ్ళు అరగంట సేపు ఆ సంగతే మర్చిపోయారు. దిగడం మొదలుపెట్టాక గుర్తొచ్చి చెప్పుకున్న మొదటి లెక్క ఇదే.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు మాస్టారు. లెక్క తప్పితే ఆయనకి అన్నం సహించదు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఐదు."

ఈసారి ఇంకాస్త దగ్గర్నించి వచ్చింది. మాస్టారి భార్య చటుక్కున వెనక్కి తిరిగింది. తెల్లగా పొగమంచు తప్ప ఏమీ లేదు. ఆమె దర్జీ. రోజంతా మనుషుల కొలతలు తీసే మనిషి. ఆ గొంతు తన నడుము ఎత్తు నుంచి వచ్చినట్టు తోచి, ఒళ్ళు జలదరించింది.

"ఎవరో దారి తప్పినట్టున్నారండీ," అంది మెల్లగా. "రెండు నిమిషాలు ఆగుదాం."

"దారి తప్పినవాళ్ళయితే పేరు చెప్తారు, కాపాడమంటారు. లెక్కలు చెప్తారా? నలుగురం వచ్చాం, నలుగురం దిగుతాం. పద."

"వదినా, నీకు దణ్ణం పెడతాను, వెనక్కి చూడకు," అంది మరదలు. అప్పటికే ఏడుస్తోంది.

"ఇక లెక్కే వద్దు," అన్నాడు తమ్ముడు. "మనం చెప్తుంటేనే కదా అది పలుకుతోంది."

అందరికీ అదే బాగుందనిపించింది. నోళ్ళు మూసుకుని నడిచారు. బూట్ల కింద మంచు నలిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె మనసులోనే అడుగులు లెక్కపెట్టుకుంటోంది. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద.

"ఐదు," అంది గొంతు, దానంతటదే.

తమ్ముడు పెళ్ళాం చెయ్యి పట్టుకుని వడివడిగా దిగసాగాడు. ఇంకో వంద అడుగులకి మళ్ళీ "ఐదు" అని వినిపించింది. ఈసారి సన్నగా, వెనకబడిపోయి.  ఎందుకో తెలియదు గానీ, మాస్టారి భార్యకి భయం కంటే జాలే ఎక్కువగా ఉంది. ఎడమ చెయ్యి గడ్డకట్టుకుపోతోందని అప్పుడు చూసుకుంది. ఆ చేతికి గ్లౌజు లేదు. తీసి జేబులో పెట్టుకుంది తనే. ఇంత చలిలో ఎందుకు తీసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"నేను వెనక్కి వెళ్ళి చూసొస్తాను," అంది.

మాస్టారు వచ్చి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నీకు పిచ్చి గానీ పట్టిందా? ఇంకో పావుగంటలో గేటు మూసేస్తారు. ఎవరో ఏమిటో తెలియని దాని కోసం నలుగురం చావాలా?"

ఆయన మాటలో తప్పేమీ కనిపించలేదు. ఆమె కదిలింది. మళ్ళీ వంద అడుగులు కావస్తుండగా శాలువా చెవుల మీదికి లాక్కుని గట్టిగా అదిమి పట్టుకుంది. కొండ దిగేదాకా చేతులు తియ్యలేదు.

నాలుగింటికి ఇంకా మూడు నిమిషాలుందనగా గేటు చేరారు. బయట అప్పుడే మంచు కురవడం మొదలైంది. తాత గదిలో పొయ్యి మండుతోంది. మరదలు దాని ముందు కూలబడి, "బతికిపోయాం," అంది. తమ్ముడు నవ్వాడు. మాస్టారు కూడా నవ్వాడు.

తాత ఒక్కొక్కరి దగ్గర బిళ్ళ తీసుకుని గోడకున్న మేకులకి తగిలించాడు. నాలుగూ తగిలించి, మళ్ళీ చెయ్యి చాపాడు.

"ఐదోది?"

"మేం నలుగురమే తాతా," అన్నాడు మాస్టారు.

తాత ముఖం వాడిపోయింది.  ఖాళీ మేకు వంక ఒకసారి, బయట కురుస్తున్న మంచు వంక ఒకసారి చూసి, బల్ల మీదున్న రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

"పొద్దున రాసింది మీరేనమ్మా. చదువుకోండి."

ఆమె వంగి చూసింది. నాలుగు పేర్ల కింద, తను కొలతల పుస్తకంలో రాసుకునే అదే గుండ్రటి చేతిరాతతో, ఇంకో పేరు ఉంది. దాని పక్కన, "మా అమ్మాయి, ఆరేళ్ళు."