వెనక్కి ఒక్క అడుగు

"ఏమండీ! ఎవడో నా వీపు మీద చెయ్యేశాడండీ!"

శివపార్వతి కేకకి కాలువ గట్టు మీదున్న వాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

అందరి కళ్లకీ వీఆర్ కళ్లజోళ్లు. వాటిలో వాళ్లు వందేళ్ల నాటి బెజవాడని చూస్తున్నారు.

ఆవిడ కళ్లజోడు ఊడబీకి వెనక్కి తిరిగింది. లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలుతో ఒక ముసలాయన. ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

అంతే! ఆవిడ భర్త దుర్గాప్రసాద్ ఒక్క ఊపున వెళ్లి ముసలాయన చెంప ఛెళ్లుమనిపించాడు. ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల వ్యాపారం ఆయనది. చెయ్యి బరువే.

"కాటికి కాళ్లు చాపుకున్నావు, సిగ్గులేదూ నీకు?"

"అది కాదు బాబూ, అమ్మగారు వెనక్కి..."

"నోర్ముయ్!"

గొడవ విని సింధూరి పరుగెత్తుకొచ్చింది.

ఈ నడక సింధూరిదే. ప్రతి శనివారం పొద్దున్నే జనాన్ని వన్‌టౌన్ వీధుల్లో తిప్పి, పాత కథలన్నీ చెప్పి, చివరికి కాలువ గట్టు మీద నిలబెట్టి ఈ కళ్లజోళ్లు తగిలిస్తుంది. ఇక చూడాలి! బియ్యం బస్తాలతో పెద్ద తెరచాప పడవ ఒకటి సరిగ్గా మన మీదికే వచ్చేస్తుంది. ఎంతటి మొనగాడైనా "అమ్మో" అని ఒక్క అడుగు వెనక్కి వెయ్యాల్సిందే. ఆ "అమ్మో" కోసమే జనం వస్తున్నారు. బంగారంలాంటి ఉద్యోగం మానేసి మొదలుపెట్టిన పని, పేరు ఇప్పుడిప్పుడే వస్తోంది.

"ఏంటమ్మా ఇది? ఆడాళ్ల కళ్లకి గంతలు కట్టి ఇట్టాంటోళ్ల మధ్యన నిలబెడతారా? ఆన్‌లైన్‌లో రాశానంటే రేపట్నుంచి ఒక్కళ్లు రారు, తెలుసా?" అన్నాడు దుర్గాప్రసాద్.

సింధూరి అటు తిరిగి చూసింది.

ముసలాయన్ని ఆమె ఇదివరకూ చూసింది. ప్రతివారం ఇదే చోట, జనం వెనకాలే తచ్చాడుతుంటాడు. వింత చూడ్డానికి వస్తున్నాడులే అనుకుంది. ఇదా సంగతి!

"ఇందుకా నువ్వు వారం వారం తయారయ్యేది? మేడమ్‌గారికి క్షమాపణ చెప్పు!"

"అమ్మా, నేను..."

"చెప్తావా, పోలీసుల్ని పిలవమంటావా?"

ముసలాయన ఒకసారి కాలువ వంక చూశాడు. తువ్వాలు భుజం మీంచి తీసి రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోయిందమ్మా."

"ఇంకోసారి మావాళ్ల దరిదాపుల్లో కనిపించావో, మర్యాదగా ఉండదు!" అంది సింధూరి.

ఆయన తలొంచుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి దుర్గాప్రసాద్ ఐదు స్టార్లూ ఇచ్చాడు. "సింధూరిగారు వాడికి తగిన శాస్తి చేశారు" అని రాశాడు కూడా. సింధూరి అది మళ్లీ మళ్లీ చదువుకుని మురిసిపోయింది.

తర్వాతి శనివారం కంకిపాడు నుంచి టీచర్లు వచ్చారు. కళ్లజోళ్లు తగిలించింది. పడవ వచ్చింది.

"అమ్మో!"

అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. సుబ్బరత్నంగారని ఒక పెద్దావిడ ఇంకో అడుగు కూడా వేసింది.

ఆ అడుగు కింద నేల లేదు.

సింధూరి ఎలా అందుకుందో ఆమెకే తెలియదు. కొంగూ రెక్కా కలిపి పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. ఇద్దరూ గట్టు మీద పడ్డారు. పెద్దావిడ చెప్పు కాలువలో కొట్టుకుపోయింది. మోచేతులు గీసుకుపోయాయి. ప్రాణం మిగిలింది.

"దేవుడి దయ!" అన్నారు అందరూ.

సింధూరి లేచి గట్టు అంచు వంక చూసింది. ఆ కాస్త మేరా గట్టుకి రెయిలింగే లేదు. ఇన్నాళ్లూ ఆమె చూపంతా చేతిలోని ట్యాబ్ మీదే. పడవ అందరికీ కనపడుతోందా లేదా, అదే ధ్యాస. నిండు కాలువకి వీపు పెట్టించి మనుషుల్ని నిలబెట్టి, వాళ్ల మీదికి పడవ తోలుతోంది తను!

మరి ఇన్ని శనివారాల్లో ఒక్కరైనా ఎందుకు పడలేదు?

ఎందుకో అప్పుడు తెలిసింది. శివపార్వతి వీపు మీద పడిన ఆ చెయ్యి ఆవిణ్ని ముందుకు తోసింది. అంతే చేసింది. ఆ మనిషి చేత, అందరి ముందూ చేతులు జోడింపజేసింది తను. సిగ్గుతో అక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

జనాన్ని పంపించేసి, గట్టు పక్కనే ఇడ్లీ బండి పెట్టుకునే సంపూర్ణమ్మ దగ్గరికి వెళ్లింది.

"పిన్నిగారూ, తువ్వాలేసుకుని ఇక్కడ ఒక పెద్దాయన ఉండేవారు కదండీ..."

"ఏసుపాదమా? నువ్వు తిట్టిన్నాడే ఊరొదిలేసి పోయాడుగా! 'ఈ వయసులో నాకీ మచ్చేంటి అక్కా' అని ఇక్కడే కూచుని ఏడ్చాడు."

"ఎక్కడికెళ్లారండీ? నేను పాపం చేశాను. ఒక్కసారి కనిపిస్తే కాళ్లు పట్టుకుంటాను."

"ఎవరికి తెలుసమ్మా? ఉన్న ఒక్క ఫోనూ నాకే ఇచ్చేసి పోయాడు."

సింధూరికి కళ్లనీళ్లు ఆగలేదు. "పడవ మనిషా పిన్నిగారూ? ఎవరైనా పడితే దూకి తీద్దామని కాపలా ఉండేవారా?"

సంపూర్ణమ్మ ఇడ్లీ రేకు పక్కన పెట్టి, ఆమె వంక తేరిపార చూసింది.

"దూకటానికి ఈతొస్తేగా! కరోనా తగ్గిన ఏడు ఆయన కూతురు ఇక్కడే కాలు జారి పడిపోతే, ఈత రాక ఒడ్డున నిలబడి చూస్తా ఉండిపోయాడమ్మా. అందుకే, ఇంకెవరి బిడ్డా నీళ్లదాకా పోకూడదని మీ వెనకాల అంచు మీద తను నిలబడేవోడు."