ఏడో షాపు

"ఆ సీసాల జోలికెళ్ళకు!"

ల్యాబమ్మ కేకకి రొయ్యలమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ముట్టుకోలేదు మేడమ్, చూస్తున్నానంతే. ఎంత తళతళలాడుతున్నాయో! మా ఇంట్లో గాజు గ్లాసులు ఎంత తోమినా తెల్లచార పోదు."

"కుళాయి నీళ్ళ చార అది. ఇక్కడా పోయేది కాదు. పోయిన నెల కొత్త పొడి తెచ్చాను, అప్పట్నుంచీ ఇలా ఉన్నాయి. నా సీసాలు నేనే తోముకుంటాను. ఇంకొకరి చేతికిస్తే తోమామంటారు, వేలిముద్రలు వదిలేస్తారు."

ఆ ఆహార పరీక్షల గదిలో ఇరవై రెండేళ్ళుగా ల్యాబమ్మదే రాజ్యం. ఆమె రాసిచ్చిన రిపోర్టు ఒక్కటీ వెనక్కి తిరిగి రాలేదు. ఈ నెలలో చేపల మార్కెట్లో ఆరు షాపులకి సీలు పడింది. ఆరూ ఆమె సంతకంతోనే. ఏడోది రొయ్యలమ్మది. మొదటి పరీక్షలో సరుకు తప్పిందంటే ఆమె ఒప్పుకోలేదు. నా కళ్ళముందు ఇంకోసారి చెయ్యండని పట్టుబట్టింది. అలా అడిగే హక్కు అమ్మేవాళ్ళకి ఉంది. అందుకే పొద్దున్నే ఐసుపెట్టె చంకనేసుకుని వచ్చి కూర్చుంది. ఇదీ తప్పితే సాయంత్రానికి షాపుకి తాళం పడుతుంది.

రెండోదీ అయింది. ల్యాబమ్మ గాజు గొట్టాన్ని కిటికీ వెలుతురుకి పట్టింది. ముదురు నీలం.

"చూశావుగా. రొయ్యలో పుట్టుకతోనే కాస్త ఫాస్ఫేటు ఉంటుంది. దానికి లేత నీలం వస్తుంది. ఇంత ముదురు వచ్చిందంటే పైనుంచి పడిందన్నమాటే."

"నేను కలపలేదు."

"ఆ ఆరుగురూ ఇదే పాట పాడారు. ఆ ఫాస్ఫేటు ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెడితే రొయ్య నీళ్ళు పట్టి బలుస్తుంది. తూకం పెరుగుతుంది. నీళ్ళని రొయ్యల ధరకి అమ్ముకోవచ్చు."

"అలా నానిన రొయ్య పెనం మీద పడగానే ఏడుపు లంకించుకుంటుంది మేడమ్. గిన్నెడు నీళ్ళొదిలి చిటికెనవేలంత అయిపోతుంది. కొన్నవాళ్ళు మర్నాడే వచ్చి నా జుట్టు పట్టుకోరూ?"

ల్యాబమ్మ కళ్ళు చిన్నవి చేసింది. "కలపనిదానివి, ఇవన్నీ నీకెలా తెలుసు?"

"పాతికేళ్ళుగా రొయ్యలు ఒలుస్తున్నాను. వేలు ఆనిస్తే చాలు. నానబెట్టింది సబ్బుముక్కలా జారుతుంది."

"తెలిసినవాళ్ళే చేస్తారు ఇలాంటివి." ల్యాబమ్మ గొంతులోకి పాఠం చెప్పే తీరు వచ్చింది. "అదేం విషం కాదులే. చీజు విడిపోకుండా పట్టి ఉంచేది అదే, కేకు పొంగడానికి వేసే పొడిలో ఉండేది అదే, గిన్నెలు తోమే పొడిలో జిడ్డు వదలగొట్టేదీ దాని చుట్టమే. తిండిలో హద్దులో ఉంటే మామూలు మనిషికి ఏమీ కాదు. చెప్పకుండా, హద్దు మీరి కలిపితేనే తప్పు. కిడ్నీలు చెడినవాళ్ళకైతే మరీనూ..."

"ఒంట్లోంచి బయటికి పోదు. ఎముకల్ని గుల్ల చేస్తుంది," రొయ్యలమ్మ అందుకుంది.

"ఇదీ తెలుసా!"

"మా ఆయనకి వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చేయిస్తున్నాం మేడమ్. డబ్బా మీద ఫాస్ఫేటు అన్న ముక్క కనిపిస్తే అక్కడే వదిలేసి రమ్మన్నాడు డాక్టరు. కొలిచి పెట్టమన్న నాలుగు రొయ్యలూ నా షాపులోవే వండి పెడుతున్నాను. అలాంటిదాన్ని, ఆ పొడిని నా గడప తొక్కనిస్తానా?"

ల్యాబమ్మ రిపోర్టు మీద సంతకం చేసింది. తర్వాత కాగితం ముందుకి తోసింది.

"కష్టాలు ఎవరికి లేవమ్మా? గొట్టానికి చెవుల్లేవు. ముట్టినట్టు ఇక్కడ సంతకం పెట్టు."

రొయ్యలమ్మ కలం తీసుకుంది గాని కాగితం మీద ఆనించలేదు.

"మీ గొట్టానికి నామీద ఏం పగో! ఉత్తనీళ్ళు పోసినా నీలమే చూపించేలా ఉంది."

"ఏమన్నావ్?"

"కోపం తెచ్చుకోకండి. ఇవాళ్టితో నా పొయ్యి ఆరిపోతుంది. ఆ మాత్రం నోరు జారనివ్వండి."

ల్యాబమ్మకి ఒళ్ళు మండింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె రోజూ పొద్దున్నే మొదట ఉత్తనీళ్ళ పరీక్షే చేసేది. ఏనాడూ ఇసుమంత రంగు వచ్చింది లేదు. దండగ పనని మానేసి ఏళ్ళయింది. ఈ మనిషి నోరు మూయించడానికి ఇంతకంటే తేలిక దారి లేదనిపించింది.

"ఇవి ఆవిరిపట్టి చల్లార్చిన నీళ్ళు. ఏ ఉప్పూ ఉండదు. రంగు రాకపోతే మారు మాట్లాడకుండా సంతకం పెడతావా?"

"పెడతాను."

"రంగు తెప్పించే మందు కూడా ఇందాక నీ ముందే మూత విప్పాను. మళ్ళీ దానిమీద పడకు."

వరసలోంచి తళతళలాడే సీసా ఒకటి తీసింది. నీళ్ళు పోసి గిలకరించింది. గొట్టంలోకి వంచి మందు చుక్కలు వేసింది.

"పది నిమిషాలు," అని గోడ గడియారం చూసి ఫైలు తెరిచింది. ఆరు షాపుల పేర్ల కింద ఏడో పేరు రాయడం మొదలుపెట్టింది. గొట్టం వైపు చూడాల్సిన పని ఆమెకి కనిపించలేదు. చూస్తున్నది రొయ్యలమ్మ ఒక్కతే. రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"మేడమ్."

"పది నిమిషాలన్నానా?"

"ఒక్కసారి ఇటు చూడండి మేడమ్."

ల్యాబమ్మ విసుగ్గా తలెత్తింది.

గొట్టంలో ఉత్తనీళ్ళు ముదురు నీలంలోకి తిరిగాయి.