గురువారం మీట

యస్నా టీచరు బడి హాజరుపట్టీ తెచ్చి, ఫ్యాక్టరీ మీటర్ల గదిలో పనిచేసే బావ ఎరిబెర్తో ముందు పడేసింది.

"చూడు. పిల్లల తలనొప్పులు, వాంతులు, అన్నీ గురువారాలే."

"చిమ్నీ మీటరు ముల్లు కదిలితే ఒట్టు. బొగ్గు కాలితే వచ్చే గంధకం పొగంతా చిమ్నీ దారిలో పోసిన గుళికలే మింగేస్తున్నాయి," అన్నాడు ఎరిబెర్తో రొట్టె తుంచుకుంటూ.

"మింగాక వాటినేం చేస్తారు?"

"కాలుస్తాం. మింగింది కక్కేస్తాయి, మళ్లీ వాడతాం. శాంటియాగో నుంచి కొత్తవి తెప్పించాలంటే మాటలా?"

"కక్కింది ఎటు పోతుంది?"

"యాసిడ్ ట్యాంకులోకి."

"అది పనిచేస్తోందా?"

రొట్టె చేతిలోనే ఆగింది. మార్చి నుంచి ట్యాంకు మరమ్మతులో ఉంది. అప్పట్నుంచి పక్క గొట్టం తెరుస్తున్నారు. దానికి మీటరు లేదు. దాని మూతి బడి వైపు ఉంది.

"కాల్చేది ఏ రోజు బావా?"

అతని చెయ్యి పక్కనే ఉన్న గొట్టం మీట మీద పడింది. ప్రతి గురువారం ఆ మీట ఎత్తింది తనే.

ఫోను మోగింది. "గురువారం కదా, గుళికలు నిండిపోయాయి. గొట్టం తెరువు," అన్నాడు ఇంజనీరు.

"తెరవకపోతే?"

"పొగంతా చిమ్నీలోంచే పోతుంది. పొయ్యి మాత్రం ఆపేది లేదు."

ఎరిబెర్తో ఫోను పెట్టేసి, మీట మీంచి చెయ్యి తీశాడు. "ఇవాళ తెరవను. నువ్వెళ్లు."

యస్నా పట్టీ తీసుకుని తలుపు దాకా వెళ్లి ఆగింది.

"పావుగంటలో బడి వదుల్తాం బావా. పిల్లల ఇళ్లన్నీ చిమ్నీ కిందే కదా. ఎక్కడికి పంపను?"