తీసేయాల్సిన పేరు

బెర్మెత్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఇక్కడ ఆ పేరు కొట్టాలి" అంది.

"కొట్టు మరి" అన్నాడు డైరెక్టర్ ఎర్మెక్, టీలో రొట్టె ముంచుకుంటూ.

"మా మామగారి పేరన్నా."

నరిన్ అనే ఈ కొండ ఊళ్లో కోడలు మామగారి పేరు పలకదు. రాయదు కూడా. అదే పేరు పక్కింటి పిల్లాడికి ఉన్నా, వాణ్ణి ఇంకేదో మాటతో పిలుస్తుంది.

మామగారు నిన్నటిదాకా ఊరి ఇళ్లను వెచ్చబెట్టే బాయిలర్లన్నిటికీ పెద్ద ఇంజనీరు. రిటైరయ్యారు. ప్రతి బాయిలర్‌కీ ఒక కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది. ఆ బాయిలర్ ఎవరి మాట వినాలో, తేడా వస్తే ఎవరి ఫోను మోగించాలో ఆ పేర్లన్నీ అందులో ఉంటాయి. రాజధాని బిష్కెక్ నుంచి తనిఖీకి మనిషి వచ్చేలోగా ఆయన పేరు అన్ని ఫైళ్లలోంచీ పోవాలి. ఏళ్ల తరబడి తలొకరు తలొక తీరుగా రాసిన ఫైళ్లు. చేత్తో వెతికితే తేలవు. పైథాన్ స్క్రిప్టు కావాలి, తీసేయాల్సిన పేరు అందులో కొట్టాలి. అది రాయగలిగింది ఒక్క బెర్మెతే.

అదే ఆమెకు సంకెల అయింది. భర్త, కూతురు బిష్కెక్ వెళ్లిపోయారు. తను ఇక్కడ మిగిలింది. ఏ వీధిలో పైపు చల్లబడినా ఆమె ఫోను మోగుతుంది. మోగనప్పుడు కూడా చెవిలో మోగుతూనే ఉంటుంది. కిటికీకి అవతల కొండలు, ఇవతల పైపులు. బదిలీ అడిగినప్పుడల్లా ఎర్మెక్ నవ్వేవాడు. "బాయిలర్లకి సెలవిచ్చిన రోజు నీకూ ఇస్తాలే."

"కంప్యూటరేమన్నా మీ అత్తగారా అక్కా? కొట్టేయ్" అన్నాడు పక్క సీట్లోని బోలోత్. "పోనీ, నన్ను కొట్టమంటావా?"

"పోయినసారి నువ్వు పేర్లు వెతికే ప్యాటర్న్‌లో పెట్టిన ఒక్క చుక్కకి సగం ఊరు వణికింది. అయినా నువ్వు కొడితే మాత్రం? రేపు తెరిచి చదవాల్సింది నేనేగా."

"ఏదో ఒక దారి చూడమ్మా! వాళ్ల జీపు బయల్దేరిందట" అన్నాడు ఎర్మెక్.

బెర్మెత్ కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"ఒక దారుంది. ఉండాల్సినవాళ్ల పేర్లు మాత్రం రాస్తాను. వాటితో కలవని పేరు ఏదున్నా పోతుంది."

"భలే!"

పేర్లు ఒక్కొక్కటే కొట్టింది. మధ్యలో నిలువు గీతలు. తెరను వాళ్ల వైపు తిప్పింది.

"ఎవరైనా మిగిలిపోయారేమో చూడండి."

బోలోత్ వంగి వెతుక్కున్నాడు. "నేనున్నా. ఇక ఎవరెలా పోతే నాకేం?"

ఎర్మెక్ కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదటి పేరు ఆయనదే. "బాగుంది. నడుపు."

స్క్రిప్టు నడిచింది. బాయిలర్లన్నీ కొత్త ఫైళ్లు అందుకున్నాయి.

కాసేపటికి బజారు బాయిలర్‌లో ఒత్తిడి పడిపోయింది. బోలోత్ ఫోను మోగింది. ఎర్మెక్ ఫోను మోగింది. అలవాటుగా ఇద్దరూ బెర్మెత్ ఫోను వైపు చూశారు. అది ఉలకలేదు, పలకలేదు.

ఎర్మెక్ తెర మీదికి వంగాడు. "నీ పేరేదమ్మా?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ పేరు రాయకూడదన్న ధ్యాసలో పడి..."

"మళ్లీ చేర్చు!"

"చేర్చే అధికారం ఆయనకీ నాకూ మాత్రమే ఉండేదన్నా. ఇద్దరం బయటే ఉన్నాం. ఇక బిష్కెక్ వాళ్లే చేర్చాలి."

"పాత ఫైళ్లు వెనక్కి తెచ్చేస్తే?" అన్నాడు బోలోత్, బజారుకు పరుగెత్తడానికి కోటు తొడుక్కుంటూ.

"ఆయనా వాటితోపాటే వెనక్కి వస్తారు."

బయట జీపు ఆగింది. వచ్చినాయన ఫైళ్లు చూశాడు. పాత ఇంజనీరు పేరు ఎక్కడా లేదు. తానే చూసి నడపమన్న పొరపాటును ఎర్మెక్ ఆయన ముందు బయటపెట్టుకోలేదు. ఆయన తృప్తిగా తల ఊపి, ఇక పేర్లు మార్చకుండా వ్యవస్థకు తాళం వేసి వెళ్లాడు.

ఎర్మెక్ తిట్టబోయి మింగేశాడు. మామగారి మర్యాద కాపాడబోయిన కోడల్ని ఏమని తిడతాడు?

"వ్యవస్థలోకే వెళ్లలేని దానివి. నిన్నిక్కడ కూర్చోబెట్టుకుని ఏం చేసుకోను?" అంటూ బదిలీ కాగితం మీద సంతకం గీకాడు.

బెర్మెత్ మంచులో నడిచి ఇంటికొచ్చింది. గడప దాటుతూనే, "సగిన్‌బెక్ నాన్నా, సర్దుకోండి, బిష్కెక్ వెళ్తున్నాం!" అని మామగారిని కేకేసింది, పెళ్లయిన ఏడాది ఆయనే పట్టుబట్టి నేర్పిన నాటి నుంచి రోజూ పేరు పెట్టి పిలుస్తున్నట్టే.